కుళాయి మూతిని ఎన్నాళ్ళకొకసారి కడుగవలెను?

భద్రాచలము దాటి దుమ్ముగూడెము, చర్ల వైపు అడవి దారిని పోయినచో, ఎండకాలమున చిన్న వాగులు పైకి ఎండిపోయి ఇసుక మాత్రమే కనబడుచుండును. ఆ ఇసుకలో గుంట తీసినచో అడుగున నీరు ఊరును. దానినే చెలమ అందురు. చెలమ వద్దకు వచ్చిన స్త్రీలు వచ్చీ రాగానే బిందె ముంచరు. రాత్రి నుండి నిలిచియున్న నీటిని ముందుగా సొరకాయ బుర్రతోనో, గిన్నెతోనో తోడి పారబోయుదురు. రాలిపడిన ఆకులను, పుడకలను ఏరివేయుదురు. కొంతసేపు కూర్చుండి, తేటగా ఊరిన కొత్తనీటిని మాత్రమే ముంచుకొందురు. ఈ పద్ధతిని వారికెవరును బడిలో నేర్పలేదు. తల్లిని చూచి కూతురు నేర్చుకొన్నది.

కాలము మారినది. తెలంగాణములో 2016 ఆగస్టు 7న గజ్వేలు ప్రాంతమున ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము వలన, నదుల నుండియు జలాశయముల నుండియు తీసి శుద్ధిచేసిన నీరు గొట్టముల ద్వారా పల్లెలకు చేరినది. పట్టణములో దానిని నల్లా అందురు, పల్లెలో పంపు అందురు, పుస్తకములలో కుళాయి అని వ్రాయుదురు. పేరేదైనను వస్తువు ఒక్కటే. తిప్పగానే నీరు వచ్చును. తిప్పగానే నీరు వచ్చుట వలననే మనము చెలమకు చేసిన మర్యాదను కుళాయికి చేయుట మరచితిమి.

కొన్ని నెలల క్రిందట మా తరగతి విద్యార్థి యొకడు, "సార్, ఇంట్లో నల్లాను ఎన్నాళ్ళకొకసారి కడగాలె?" అని అడిగినాడు. నేను పెద్దగా ఆలోచింపక, "నెలకొకసారి" అని చెప్పి పంపినాను. ఆ సాయంత్రము ఇంటికి పోయి, వంటగదిలోని మా కుళాయి మూతిని విప్పి చూచితిని. లోపలి సన్నని జాలీ మీద తెల్లని పెచ్చు కట్టియున్నది. దాని సందులలో నల్లని జిగురు పేరుకొనియున్నది. మా అమ్మాయి బడికి తీసికొనిపోవు నీళ్ళ సీసాను ప్రతి ఉదయము నింపునది ఆ కుళాయి క్రిందనే. బయటినుండి చూచినచో ఆ కుళాయి తళతళ మెరయుచునే యున్నది. విద్యార్థికి నేనిచ్చిన సమాధానము తప్పు కాదు గాని, సగమే. మిగిలిన సగము చెప్పుటకే ఈ వ్యాసము.

తెల్లని పెచ్చు

కుళాయి మూతి చుట్టును తెల్లగా, గరుకుగా కట్టు పదార్థము ప్రధానముగా కాల్షియం కార్బొనేటు. సున్నపురాయి, కోడిగ్రుడ్డు పెంకు కూడ ఈ జాతివే. వర్షపు నీరు నేలలోనికి ఇంకునపుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కరగించుకొని కొంచెము ఆమ్లగుణమును పొందును. అట్టి నీరు రాళ్ళలోని సున్నపు పదార్థమును కరగించుకొని కాల్షియం బైకార్బొనేటుగా తనలో దాచుకొనును. దీనినే మనము కఠిన జలము అందుము. పప్పు త్వరగా ఉడుకని నీరు, సబ్బు నురుగు రాని నీరు అని మన ఇండ్లలో చెప్పుకొనునది ఇదియే.

కుళాయిని కట్టివేసిన తరువాత మూతి అంచున ఒక బొట్టు వ్రేలాడుచుండును. ఆ బొట్టు ఆరునపుడు బొగ్గుపులుసు వాయువు గాలిలోనికి పోవును, నీరు ఆవిరియగును, కరిగియున్న సున్నము మాత్రము మిగులును. ఒక బొట్టు మిగుల్చునది కంటికి కానరాదు. కాని బొట్టు తరువాత బొట్టుగా నెలల తరబడి ఇదే జరిగినచో పెచ్చు కట్టును. విశాఖ మన్యములోని బొర్రా గుహలలో పైకప్పు నుండి రాతి స్తంభములు వ్రేలాడుచుండుటకు కారణము ఇదియే. అచ్చట ప్రకృతి వేల సంవత్సరములలో చేసిన పనిని, మన వంటగదిలో కుళాయి చిన్న ఎత్తున చేయుచున్నది.

భారత ప్రమాణాల సంస్థ 2012లో ప్రకటించిన త్రాగునీటి ప్రమాణము ప్రకారము, కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపల ఉండుట మంచిది. వేరు నీరు దొరకనిచోట 600 వరకు అనుమతింపవచ్చును. కాఠిన్యము 300 ఉన్న నీరు ఒక లీటరు పూర్తిగా ఆవిరియైనచో సుమారు మూడవ వంతు గ్రాము తెల్లని పదార్థము మిగులును. ఇప్పుడొక చిన్న లెక్క చూడుడు. వాషరు అరిగిన కుళాయి నుండి క్షణమున కొక బొట్టు చొప్పున పడుచున్నదనుకొందము. ఇరువది బొట్లు ఒక మిల్లీలీటరు అనుకొన్నచో, రోజునకు 86,400 బొట్లు, అనగా నాలుగు లీటర్లకు పైగా నీరు. అందులో మూతి అంచున ఆరిపోవునది బహు స్వల్పమే యైనను, నిత్యము తడిసి ఆరు కుళాయికి పెచ్చు త్వరగా కట్టుటలో ఆశ్చర్యము లేదు. కారు కుళాయికి ముందు చేయవలసిన శుభ్రత క్రొత్త వాషరు వేయుటయే.

ఈ తెల్లని పెచ్చు విషము కాదు. నీటితోపాటు ఆ సున్నమును మనము ఎట్లును త్రాగుచునే యున్నాము. దాని దోషము వేరు. నున్నని లోహము గరుకగును, గరుకు తలము మీద ఇతర మలినములు నిలదొక్కుకొనును.

పెచ్చు తెల్లగాక ఎర్రగానో, గోధుమ రంగులోనో ఉన్నచో అది ఇనుము. కొన్ని బోరుబావుల నీరు పైకి వచ్చునపుడు తేటగానుండి, గాలి తగిలిన కొంతసేపటికి ఎర్రబారును. నీటిలో కరిగియున్న ఇనుము ప్రాణవాయువుతో కలిసి తుప్పుగా మారుటయే దీనికి కారణము. ఇత్తడి కుళాయి మీద కనబడు పచ్చని చిలుము, ఇత్తడిలోని రాగి గాలితోను తేమతోను కలిసినందున ఏర్పడినది. కనుక రంగును చూచియే మూతి మీద చేరినదేమిటో చాలవరకు చెప్పవచ్చును.

జిగురు పొర

అసలు శత్రువు తెల్లనిదియు కాదు, ఎర్రనిదియు కాదు. వ్రేలు పెట్టినచో జారుచు, జిగటగా తగులు పొర అది. శుద్ధిచేసిన నీటిలో కూడ ఏ జీవియు లేకుండ ఉండదు. కొన్ని సూక్ష్మజీవులు తడి తలమును అంటుకొని, తమ చుట్టును జిగురువంటి పదార్థమును స్రవింపజేసి, అందులో గుంపుగా కాపురముండును. చెరువు మెట్ల మీది నాచు పొర, ఉదయము లేచినపుడు పండ్ల మీద తగులు పాచి, కుళాయి మూతిలోని జిగురు, ఇవన్నియు ఒకే తీరువి.

ఈ పొరను గూర్చిన మొదటి పాఠమును చెప్పినవాడు హాలండు దేశస్థుడైన లీవెన్‌హుక్. స్వయముగా చేసికొన్న భూతద్దములతో ఆయన 1683లో తన పండ్ల పాచిని పరీక్షించి, అందులో కదలాడు సూక్ష్మజీవులను చూచెను. వెనిగరుతో పండ్లు కడిగికొని మరల పరీక్షింపగా, పాచి పైనున్న జీవులు మాత్రమే చచ్చినవి, లోపలివి బ్రతికియే యున్నవి. వెనిగరు పొర లోతునకు దిగలేదని ఆయన గ్రహించెను. మూడు వందల నలుబది యేండ్ల నాటి ఈ గమనికయే నేడు కుళాయి కడుగువారికి మూలసూత్రము: మందు పోసినంత మాత్రమున చాలదు, రుద్దవలెను. రుద్దుట వలన పొర తెగును. తెగిన తరువాతనే మందు లోనికి పోవును.

నీటిని శుద్ధిచేయుచోట క్లోరిన్ కలుపుదురు గదా, అది ఈ పొరను చంపదా యని అడుగవచ్చును. పైన చెప్పిన ప్రమాణము ప్రకారము వినియోగదారుని కుళాయి వద్ద కనీసము లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. నీటిలో ఒంటరిగా తేలుచున్న సూక్ష్మజీవులకు ఆ మాత్రము చాలును. జిగురు కోటలో దాగినవానికి చాలదు. పొర పైభాగమున తగిలిన క్లోరిన్ అక్కడనే ఖర్చగును. అంతేగాక రాత్రియంతయు కుళాయి గొంతులో నిలిచిన నీటిలో క్లోరిన్ క్రమముగా తరిగిపోవును.

ఆరోగ్యవంతులకు ఈ పొర వలన సామాన్యముగా ఏమియు కాదు. పసిపిల్లలు, ముసలివారు, జబ్బుపడి లేచినవారు ఉన్న ఇంటిలో మాత్రము దీనిని తేలికగా చూడరాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున 1976లో ఒక సమావేశమునకు వచ్చినవారికి వింత న్యుమోనియా సోకి పలువురు మరణించిరి. దానికి కారణమైన లీజియొనెల్లా అను సూక్ష్మజీవిని 1977లో కనుగొనిరి. అది గోరువెచ్చని నిలువనీటిలో పెరుగును. నీటి తుంపరలను పీల్చుట వలన సోకును. మే నెలలో మన మేడల మీది ట్యాంకులలోని నీరు ఎంత వెచ్చనగునో ఖమ్మము, కొత్తగూడెము వాసులకు చెప్పనక్కరలేదు. స్నానపు గదిలోని జల్లును కూడ కుళాయితోపాటు విప్పి కడుగవలెననుటకు ఇది కారణము.

గుడ్డ, గొట్టము, గుంట

మన ఇండ్లలో కుళాయికి మనమే తగిలించు మూడు వస్తువులు కుళాయి కంటె ఎక్కువ హాని చేయును.

మొదటిది మూతికి కట్టు గుడ్డ. ఇసుక, నలుసు రాకుండ పాత పంచె ముక్కనో, చీర ముక్కనో కట్టుదురు. ఆలోచన మంచిదే. బంగ్లాదేశములో రీటా కాల్వెల్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును పాత చీరను నాలుగైదు మడతలు పెట్టి దాని గుండ నీటిని వడకట్టుడని గ్రామస్త్రీలకు నేర్పగా, కలరా సుమారు సగము తగ్గినట్లు 2003లో ప్రకటించిరి. కలరా క్రిమి నీటిలోని అతి చిన్న ప్రాణులను అంటియుండును, అవి మడతలలో చిక్కుకొనును. అయితే ఆ స్త్రీలు వడకట్టిన తరువాత గుడ్డను ఉతికి, ఎండలో ఆరవేసెడివారు. మన గుడ్డ కుళాయికే ముడివడి, తడిగానే నెలల తరబడి వ్రేలాడుచుండును. ఉతికి ఆరవేసినది వడపోత. ఉతుకనిది సూక్ష్మజీవులకు పెట్టిన ఊయల.

రెండవది రబ్బరు గొట్టము. కుళాయికి గొట్టము తొడిగి, దాని కొనను బకెట్టులోనో, తొట్టిలోనో ముంచి వదలుట అలవాటు. నీరు వచ్చుచున్నంతసేపు చిక్కు లేదు. సరఫరా ఆగిన క్షణమున ప్రధాన గొట్టములోని నీరు పల్లమునకు జారును. వెనుక ఖాళీ ఏర్పడును. కిరసనాయిలును డబ్బా నుండి గొట్టముతో పీల్చి దించుట చూచినవారికి తక్కినది తెలియును. తొట్టిలోని మురికి నీరు గొట్టము గుండ వెనుకకు ఎక్కి, వీధి గొట్టములోనికి పోవును. మరునాడు అది ప్రక్కింటి బిందెలో దిగును. గొట్టము కొన ఎల్లప్పుడును నీటిమట్టమునకు పైన, కనీసము ఒక బెత్తెడు ఎత్తున ఉండవలెను. మధ్య గాలి ఉన్నచో నీరు వెనుకకు పోలేదు.

మూడవది గుంట నల్లా. పైకి నీరు ఎక్కుట లేదని వాకిట గుంట త్రవ్వి, గొట్టమును నేలమట్టమునకు దిగువన కోసి, అక్కడనే బిందె పెట్టి పట్టుకొనుట చాల వీధులలో కనబడును. వాన పడగానే ఆ గుంట నిండును, మురుగు కాలువ పొంగినను నిండును. మూతి నీట మునిగియుండును. పైన చెప్పినట్లు సరఫరా ఆగగానే ఆ మురికియంతయు లోనికి పోవును. ఇట్టి కుళాయిని దినమునకు మూడుసార్లు తోమినను ప్రయోజనము లేదు. దానికి విరుగుడు మూతిని నేలకు పైకి ఎత్తించుట, పట్టుట ముగిసిన తరువాత తప్పక మూయుట, వేగము లేకున్నచో గ్రామ పంచాయతికో, పురపాలక సంఘమునకో తెలిపి సరిచేయించుకొనుట.

చేతుల చక్రము

లండను నగరమున 1854లో కలరా వ్యాపించినపుడు, జాన్ స్నో అను వైద్యుడు రోగుల ఇండ్లను ఒక్కొక్కటిగా విచారించి, బ్రాడ్ స్ట్రీట్ వీధిలోని పంపు నీటియందు దోషమున్నదని నిరూపించెను. అధికారులు ఆ పంపు పిడిని ఊడదీయించిరి. దోషము పిడిలో కాదు, అడుగున బావిలో నున్నది. పిడిని తీసినది ఎవరును ఆ నీరు తోడుకొనకుండుటకే.

కాని ఇంటి కుళాయిలో పిడి కూడ దోషి కావచ్చును. దొడ్డికి పోయివచ్చినవారు, పసివాని మలము కడిగినవారు, పచ్చి మాంసము కోసినవారు అదే చేతితో పిడిని త్రిప్పి నీరు వదలుదురు. సబ్బుతో చేతులు చక్కగా కడిగికొందురు. తరువాత ఆ కడిగిన చేతితో అదే పిడిని పట్టుకొని కట్టివేయుదురు. పోయినదనుకొన్న మలినము మరల చేతికి వచ్చినది. దీనిని త్రెంచుట కష్టము కాదు. చేతికి సబ్బు రుద్దుకొన్నపుడే ఆ నురుగు చేతితో పిడిని కూడ రుద్ది, నీటితో దానిని కడిగి, ఆపైన చేతులు కడిగికొనవలెను. పిల్లలకు ఇది ఆటవలె నేర్పవచ్చును.

పది ఇండ్లకు ఒక్కటే కుళాయి ఉన్నచోట, ఆశ్రమ పాఠశాలల వసతి గృహములలో, శ్రీరామనవమికి భద్రాచలము వచ్చు యాత్రికుల కొరకు పెట్టిన కుళాయిల వద్ద ఒక్క పిడిని వందల చేతులు ముట్టుకొనును. అట్టిచోట మూతి కంటె పిడికే శుభ్రత ముఖ్యము. మూతికి నోరు పెట్టి త్రాగు అలవాటును కూడ పిల్లలచేత మాన్పింపవలెను.

కడుగు విధానము

ముందుగా మూతిని చూడుడు. కొన్ని కుళాయిల మూతి చేతితో త్రిప్పినచో ఊడును. బిగిసియున్నచో గీతలు పడకుండ గుడ్డ చుట్టి పానాతో మెల్లగా త్రిప్పవలెను. లోపలి జాలీని, రబ్బరు వలయమును వచ్చిన వరుసలో ప్రక్కన పెట్టుకొన్నచో మరల బిగించుట సులభము. జాలీలో చిక్కిన ఇసుకను వెనుకవైపు నుండి నీరు పోసి దులుపవలెను.

తెల్లని పెచ్చు పోవుటకు పులుపు కావలెను. కాల్షియం కార్బొనేటుకు ఆమ్లము తగిలినపుడు బొగ్గుపులుసు వాయువు బుడగలుగా వెలువడి, పెచ్చు కరగిపోవును. నిమ్మరసమైనను, వెనిగరైనను సరిపోవును. జాలీని ఒక గిన్నెలో అరగంట నానవేసినచో చాలును. ఊడని కుళాయికి చిన్న సంచిలో వెనిగరు పోసి, మూతి మునుగునట్లు దారముతో కట్టి, అరగంట తరువాత తీసివేయవలెను. పిల్లలకు ముందుగా కోడిగ్రుడ్డు పెంకును నిమ్మరసములో వేసి బుడగలను చూపుడు. కుళాయి వద్ద జరుగునది అదియే.

ఇత్తడి చెంబును చింతపండుతో తోముట మనకు అలవాటు గనుక, కుళాయికిని అదే వాడరాదా యని తోచవచ్చును. ఇత్తడి మీది నల్లదనమును, చిలుమును తీయుటకు చింతపండు మేలైనదే. సున్నపు పెచ్చునకు మాత్రము అంత పనికిరాదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము కాల్షియముతో కలిసి, నీటిలో సరిగా కరగని మరియొక తెల్లని పదార్థమును ఇచ్చును. మరుగుదొడ్లను కడుగుటకు అంగళ్ళలో అమ్ము ఘాటైన యాసిడ్‌ను కుళాయికి ఎన్నడును పూయరాదు. పెచ్చుతోపాటు పైపూతను, క్రింది ఇత్తడిని కూడ అది తినివేయును.

నానిన తరువాత పాత పండ్ల కుంచెతో, సబ్బుతో మూతి లోపల, బయట, పిడి సందులలో గట్టిగా రుద్దవలెను. ఈ కుంచె కుళాయికే ప్రత్యేకము కావలెను. అంట్లు తోము పీచును, నేల తుడుచు గుడ్డను వాడినచో ఒకచోటి మురికిని మరియొకచోటికి చేర్చినట్లే. చివరకు నీటిని కొంతసేపు వదలి కడిగివేయవలెను.

ఇంటిలో ఎవరికైనను విరేచనములు, కామెర్లు ఉన్నపుడు, లేదా జిగురు మరీ ఎక్కువగా ఉన్నపుడు బ్లీచింగ్ పౌడరు వాడవచ్చును. మూడవ వంతు క్లోరిన్ గల తాజా పొడిని లీటరు నీటికి 15 గ్రాముల చొప్పున కలిపి, అడుగున మడ్డి దిగిన తరువాత పైతేటను తీసికొని, దానితో మూతిని, పిడిని తడిపి, పది నిమిషములాగి బాగుగా కడిగివేయవలెను. తేమ తగిలి ముద్దకట్టిన పాతపొడికి బలము ఉండదు.

ఒక హెచ్చరిక. పులుపును, బ్లీచింగ్ పౌడరును ఎన్నడును కలుపరాదు. నిమ్మరసమైనను, వెనిగరైనను, యాసిడైనను బ్లీచింగ్ పౌడరుతో కలిసినపుడు క్లోరిన్ వాయువు వెలువడును. మొదటి ప్రపంచ యుద్ధములో 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ వద్ద సైనికుల మీదికి వదలిన విషవాయువు ఇదియే. ఒకటి వాడిన దినమున రెండవది వాడకుండుట మేలు. వాడవలసివచ్చినచో మొదటిదానిని సమృద్ధిగా నీటితో కడిగివేసి, కిటికీలు తెరచి, ఆపైన రెండవది వాడవలెను.

ఎన్నాళ్ళకు?

ఇప్పుడు నా విద్యార్థి ప్రశ్నకు రావచ్చును. ఒక అంకె చెప్పినచో అది అన్ని ఇండ్లకు సరిపోదు. కుళాయిలోని ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క గడువు.

పిడిని ప్రతిదినము, అంట్లు తోమిన తరువాత సబ్బుతో కడుగవలెను. ఇంటిలో విరేచనముల రోగి ఉన్నపుడు పలుమార్లు. మూతి బయటి అంచును వారమున కొకసారి కుంచెతో తోమవలెను. లోపలి జాలీని నెలకొకసారి విప్పి చూడవలెను. మూతికి గుడ్డ కట్టువారు దానిని ప్రతిదినము విప్పి, ఉతికి, ఎండలో ఆరవేయవలెను. అది చేతకానిచో గుడ్డ కట్టకుండుటయే మేలు. స్నానపు జల్లును రెండు మూడు నెలలకొకసారి విప్పి నానవేయవలెను.

నెల అనునది మొదలుపెట్టుటకు మాత్రమే. అసలు గడువును మీ నీరే చెప్పును. జాలీని శుభ్రముగా కడిగిన తేదీని గోడ మీది క్యాలెండరులో గుర్తించుకొనుడు. వారమున కొకసారి వ్రేలితో తడిమి చూడుడు. మరల గరుకుగానో, జిగటగానో తగిలిన దినమును కూడ గుర్తించుడు. ఆ రెండు తేదీల నడిమి కాలములో సగమే మీ ఇంటికి తగిన గడువు. మా ఇంటిలో శుద్ధిచేసిన నీరు వచ్చినంత కాలము ఆరు వారములకు గాని గరుకు తేలలేదు. వేసవిలో కొన్నాళ్ళు బోరు నీరు వాడినపుడు మూడు వారములకే తేలినది. ఒకే కుళాయి, ఒకే ఇల్లు. నీరు మారగా గడువు మారినది. టీ కాచు గిన్నె అడుగున తెల్లని పొర త్వరగా కట్టు ఇంటివారు కుళాయిని కూడ తరచుగా చూచుకొనవలెను.

ఇవి గాక క్యాలెండరుతో పనిలేని సందర్భములు కొన్ని కలవు. వీధిలో గొట్టము పగిలి మరమ్మతు చేసిన తరువాత, ఊరి నుండి వచ్చి చాల దినములకు ఇల్లు తెరచినపుడు, నీరు రంగు మారినపుడు, ధార సన్నబడినపుడు వెంటనే జాలీ విప్పవలెను. ప్రతి ఉదయము త్రాగుటకు పట్టుకొనక ముందు, రాత్రి నిలిచిన నీటిని కొద్దిసేపు వదలి, మొక్కలకో, గిన్నెలు నానవేయుటకో వాడుకొనవలెను. ఇత్తడి కుళాయిలో నిలిచిన నీటిలోనికి లోహము స్వల్పముగా దిగును గనుక కూడ ఇది అవసరము.

వరద తరువాత

గోదావరి ఒడ్డువారికి ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. భద్రాచలము వద్ద నీటిమట్టము 53 అడుగులకు చేరినపుడు మూడవ ప్రమాద హెచ్చరిక ఇత్తురు. నది 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచినది. ఖమ్మములో మున్నేరు 2024 సెప్టెంబరు మొదటి తేదీన పొంగి, లోతట్టు వీధుల ఇండ్లను ముంచినది. అట్టి వేళ కుళాయి మూతి బురదలో, మురుగులో మునిగియుండును.

నీరు తీసిన తరువాత కుళాయి త్రిప్పి త్రాగుట ప్రమాదము. ముందు మూతి విప్పి, బురదను కుంచెతో పోగొట్టి, సబ్బుతో తోమి, పైన చెప్పిన బ్లీచింగ్ తేటతో తడిపి కడుగవలెను. సరఫరా మొదలైన పిమ్మట తేటనీరు వచ్చువరకు వదలవలెను. ట్యాంకు మునిగినచో ఖాళీచేసి, గోడలు రుద్ది, బ్లీచింగ్ నీటితో కడిగిన తరువాతనే నింపవలెను. నీరు సురక్షితమని అధికారులు ప్రకటించువరకు, త్రాగు నీటిని తెర్లుచు మరుగునట్లు కనీసము ఒక నిమిషము కాచి, మూతపెట్టి చల్లార్చుకొనవలెను.

కడుగుటకు సాధ్యము కానిది

కుళాయిని ఎంత తోమినను నీటిలో కరిగియున్న దోషములు పోవు. ఫ్లోరైడు అట్టిదే. నల్లగొండ పేరు మీద ప్రసిద్ధమైన పద్ధతిలో పటికను, సున్నమును వాడి దానిని తీయుదురు గాని, కుంచెతో తీయలేరు. అట్లే కలుషితమైన నీరు శుభ్రమైన మూతి గుండ వచ్చినను కలుషితమే. అనుమానమున్నచో నీటిని పరీక్ష చేయించవలెను, కాచి త్రాగవలెను.

మరి మూతిని కడుగుట యెందులకు? గోదావరి నీటిని తోడి, పటికతో మడ్డిని దించి, ఇసుకలో వడకట్టి, క్లోరిన్ కలిపి, ఎన్నో మైళ్ళ దూరము గొట్టములలో నడిపించి మన వాకిటికి తెచ్చినది ప్రజాధనము. ఆ ప్రయాణములో ప్రభుత్వము చూడగలిగినది వాకిలి వరకే. ఆపైన మూతి, పిడి, గుడ్డ, బిందె, ముంచు గ్లాసు మన చేతిలోనివి. చివరి బెత్తెడులో చెడినచో అంత శ్రమయు వృథా.

ఆ విద్యార్థిని మరల పిలిచి, నా సమాధానమును సరిదిద్దుకొంటిని. పిడిని రోజూ కడుగుము, మూతిని వారమునకు తోముము, జాలీని నెలకు విప్పుము, తరువాతి గడువును నీ నీటినే అడుగుము అని చెప్పితిని. అతడు చర్ల వైపు పల్లెవాడు. కొంచెము ఆలోచించి, "మా నాయనమ్మ చెలమకాడ చేసేదిదే గద సార్" అన్నాడు. నేను రసాయనశాస్త్రముతో చెప్పినదానిని అతడు ఒక్క మాటతో చెప్పినాడు.